షోలవరం నుంచి ఫుజి దాకా: నరైన్ కార్తికేయన్, మా మామయ్య స్టాప్‌వాచ్

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తిన రోజున, ఇనుప గొట్టాలతో కట్టిన తాత్కాలిక గ్యాలరీలో వేలమందితో పాటు నేను కూడా ఎండలో కూర్చుని ఉన్నాను. ఏళ్ల తరబడి స్కూటర్ మీద తిరిగిన దారి రెండువైపులా సిమెంటు గోడలు, ఇనుప కంచెలు పెట్టుకుని ప్రపంచస్థాయి రేసు ట్రాక్‌గా మారిపోవడం చూస్తే ఛాతీ ఉప్పొంగింది. అయితే అవి కరెంటు బళ్లు. ఎదురుగా గంటకు 200 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతున్నా ఈల వేసినట్టు ఒక సన్నని శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దంలో నా చెవులు వేరొక చప్పుడు కోసం వెతుక్కున్నాయి, నా చెయ్యి చొక్కా జేబులో ఉన్న పాత స్టాప్‌వాచ్ మీదికి పోయింది. ఆ స్టాప్‌వాచ్ మా మామయ్యది. దాని సాయంతో మేమిద్దరం పాతికేళ్లకు పైగా ఒక మనిషి జీవితాన్ని క్షణాల లెక్కన కొలిచాము. ఆ మనిషి పేరు నరైన్ కార్తికేయన్. ఫార్ములా వన్ రేసులో పాల్గొన్న మొట్టమొదటి భారతీయుడు.

మాది నాయుడుపేట. మా ఊరి గుండా పోయే రోడ్డును పెద్దవాళ్లు జీఎన్‌టీ రోడ్డు అనేవారు. దాని మీద తిన్నగా దక్షిణానికి పోతే సూళ్లూరుపేట, తడ దాటాక తమిళనాడు, ఆ తరువాత మద్రాసు ఇంకా కొంత దూరం ఉందనగా షోలవరం వస్తుంది. అక్కడ రెండో ప్రపంచయుద్ధకాలంలో కట్టిన విమానాల రన్‌వే ఒకటి ఉండేది. యుద్ధం అయిపోయాక దాన్ని మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారు రేసులకు వాడుకున్నారు. షోలవరానికి కొంచెం అవతల రెడ్‌హిల్స్‌లో, లారీ ఇంజన్లకు రీబోరింగ్ చేసే ఒక లేత్ వర్క్‌షాపులో మా అమ్మ తమ్ముడు పనిచేసేవాడు. నాకు పదేళ్లు దాటిన తరువాత ఒక ఫిబ్రవరిలో ఆయన నన్ను బస్సెక్కించుకుని షోలవరం రేసులకు తీసుకుపోయాడు. మలుపుల దగ్గర ఎండుగడ్డి మోపులు, దుమ్ము, కాలిన ఆయిల్ వాసన, నాలుగణాలకు నీళ్లమ్ముకునే పిల్లలు, చుట్టూ అరవంలో అరుపులు, ఆ అరుపులన్నిటినీ మింగేసే ఇంజన్ల రొద. మొదటి బండి నా ముందు నుంచి పోయినప్పుడు ఆ చప్పుడు చెవులకన్నా ముందు కడుపులో వినిపించింది. ఆ రోజు నుంచి నాకు మరో ఆట మీద అంత మక్కువ కలగలేదు.

అందరూ ముందు పోతున్న బండిని చూస్తుంటే మామయ్య మాత్రం స్టాప్‌వాచ్ పట్టుకుని ఎక్కడో వెనక పోతున్న రెండు బళ్లను చూస్తున్నాడు. ఎందుకని అడిగితే ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ముందుండేవాడు మంచి బండిలో ఉండాడు, అబ్బయ్యా. వాడి పనితనం ఎంతో, బండి పనితనం ఎంతో మనకు తెలవదు. ఈ ఇద్దరివీ ఒకే రకం బళ్లు. వీళ్లలో ఎవడు బాగా నడపతన్నాడో ఈ గడియారం చెప్తుంది." లేత్ మీద వెంట్రుకవాసి తేడాను వేలితో తడిమి చెప్పగలిగిన మనిషికి, స్థానాలకన్నా తేడాలే ముఖ్యమని తోచడంలో ఆశ్చర్యం లేదు. డ్రైవర్‌ను అదే బండి నడిపే మరో డ్రైవర్‌తోనే పోల్చాలన్న ఆ సూత్రం తరువాతి రోజుల్లో నరైన్ విషయంలో నాకు ఎంత అవసరమైందో ముందుకు పోయేకొద్దీ చెబుతాను.

షోలవరం రోజులు ముగిసి, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసుల కోసమే కట్టిన అసలైన ట్రాక్ వచ్చింది. అదే కాలంలో కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజన్‌ను పెట్టి, చిన్నసైజు ఒంటిసీటు రేసు కారును తక్కువ ఖర్చులో తయారుచేశారు. దాని పేరు ఫార్ములా మారుతి. లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టిన ఆయన తలుచుకుంటే విదేశాల నుంచి కార్లు తెప్పించుకుని సరదా తీర్చుకోగలిగేవారు. దానికి బదులు మనదేశపు కుర్రాళ్లకు అందుబాటులో ఉండే బండిని తయారుచేసే పనికి పూనుకున్నారు. కోయంబత్తూరు మిల్లుల నాయుడు కుటుంబాలలో ఇళ్లలో ఈనాటికీ తెలుగు మాట్లాడుకుంటారని, అందువల్ల కరివర్ధన్ మనవాడేనని మామయ్య ఎంతో మురిపెంగా చెప్పుకునేవాడు. 1995లో ఒక విమాన ప్రమాదంలో కరివర్ధన్ మరణించినప్పుడు మామయ్య ఆ రోజు వర్క్‌షాపుకు పోలేదు. తరువాత కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కట్టిన ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.

1993లో నేను మద్రాసులో చదువుకుంటున్నప్పుడు, ఆ ఫార్ములా మారుతి కార్లలో ఒకదాన్ని నడుపుతుంటే నరైన్‌ను మొదటిసారి చూశాను. అతనికి అప్పటికి పదహారేళ్లు. 1977 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో పుట్టాడు. నాకూ అతనికీ కొద్ది నెలలే తేడా కావడం వల్ల, అతని ప్రతి మెట్టునూ నా వయసుతో కొలుచుకోవడం అప్పుడే అలవాటైంది. అతని తండ్రి జి.ఆర్. కార్తికేయన్ సౌత్ ఇండియా ర్యాలీని ఏడుసార్లు గెలిచిన వ్యక్తి. అందుకని ఆ కుర్రాడి గురించి ట్రాక్ దగ్గర అందరికీ తెలుసు. మామయ్యకు మాత్రం ఎవరి కొడుకైనా ఒకటే. స్టాప్‌వాచ్ నొక్కాడు, వరుసగా ఎన్నో ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ తిరిగే చుట్లు, చూశాడు, పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్సిలుతో అంకెలు వేసుకున్నాడు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. అందులో నరైన్ వేగం కన్నా ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. ఒక ల్యాపుకూ మరో ల్యాపుకూ మధ్య తేడా దాదాపు లేదు. అందరివీ ఒకేరకం ఇంజన్లు అయినచోట, అలా గీత గీసినట్టు నడపడం పదహారేళ్ల పిల్లవాడికి మామూలుగా అబ్బే గుణం కాదు.

అంతకు ఏడాది ముందే, 1992లో అతను ఫ్రాన్సులోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూలుకు వెళ్లి శిక్షణ తీసుకుని వచ్చాడు. 1994లో బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్ వింటర్ సిరీస్ గెలిచి, యూరప్‌లో ఒక చాంపియన్‌షిప్ సాధించిన తొలి భారతీయుడయ్యాడు. 1996లో ఫార్ములా ఆసియా చాంపియన్ అయ్యాడు. తరువాత ఫార్ములా వన్‌కు కింది మెట్టైన బ్రిటిష్ ఫార్ములా త్రీ పోటీలకు వెళ్లి, 1999లో బ్రాండ్స్ హ్యాచ్‌లో రెండు రేసులు గెలిచాడు. 2000లో ఆ చాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానంలో నిలవడంతో పాటు బెల్జియంలోని స్పా సర్క్యూట్‌లోనూ, కొరియా సూపర్ ప్రీలోనూ విజయం సాధించాడు. ఇప్పుడు ఇవన్నీ నేను ఒక్క గుక్కలో చెప్పేస్తున్నాను గాని, అప్పట్లో ఒక్కొక్క వార్త మాకు వారానికో, నెలకో చేరేది. ఇంగ్లీషు పేపరు ఆటల పేజీలో చివరి కాలమ్ అడుగున నాలుగు లైన్లు వస్తే, నేను కత్తిరించి ఇన్‌లాండ్ లెటర్‌లో పెట్టి మామయ్యకు పంపేవాడిని. ఆయన జవాబులో ఒకే ప్రశ్న ఉండేది: ఆ టీములో రెండో డ్రైవర్ ఎన్నో స్థానంలో వచ్చాడు? చాలాసార్లు నా దగ్గర జవాబు ఉండేది కాదు.

క్రికెట్‌లో పేదింటి కుర్రాడు కూడా మైదానంలో బ్యాటు పట్టుకుని నిరూపించుకోగలడు. మోటారు రేసుల్లో ముందు బండి కావాలి, బండికి డబ్బు కావాలి, ఆ డబ్బు కోట్లలో కావాలి. ఈ క్రీడలో నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం ఇదే. 2001 జూన్ 14న సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ టీము నరైన్‌కు ఫార్ములా వన్ కారును నడిపి చూసే అవకాశం ఇచ్చింది. ఒక భారతీయుడు ఫార్ములా వన్ కారును పరీక్షగా నడపడం అదే మొదటిసారి. అదే ఏడాది జోర్డాన్ కారునూ నడిపాడు. ఆ తరువాత నిస్సాన్ వరల్డ్ సిరీస్‌లో రేసులు గెలిచాడు. 2004 సీజన్‌కు మినార్డి టీములో సీటు ఇస్తామన్నా, దానికి కావలసిన స్పాన్సర్ల సొమ్ము సమకూరక ఆ అవకాశం చేజారింది. 24, 25 ఏళ్ల వయసులో శరీరం, ధైర్యం, చూపు అన్నీ పదునుగా ఉన్నప్పుడు ఏ డ్రైవర్ అయినా ఫార్ములా వన్‌లోకి అడుగుపెట్టాలి. నరైన్ అడుగుపెట్టేసరికి 28 నిండాయి. మొదటి ఫార్ములా వన్ టెస్టుకూ మొదటి రేసుకూ మధ్య గడిచిన దాదాపు నాలుగేళ్లు అతని చేతకానితనం వల్ల పోయినవి కావని, అవి డబ్బు తినేసిన ఏళ్లని నేను ఈ రోజుకీ గట్టిగా నమ్ముతాను.

2005 ఫిబ్రవరి 1న, టాటా సంస్థల మద్దతుతో నరైన్‌కు జోర్డాన్ టీములో సీటు దొరికిందని ప్రకటన వచ్చింది. మార్చి 6 ఆదివారం, మెల్‌బోర్న్‌లో తొలి రేసు. మనకు అది ఉదయం వేళ. మామయ్య అప్పటికి రెడ్‌హిల్స్ వదిలి గూడూరులో సొంత లేత్ పెట్టుకున్నాడు. నేను ముందురోజు రాత్రే గూడూరు చేరుకున్నాను. అత్తయ్య ఆ రోజు టీవీ ముందే పీటలు వేసి ఇడ్లీలు పెట్టింది. పసుపుపచ్చని జోర్డాన్ కారు తెరమీద కనిపించినప్పుడల్లా మామయ్య తినడం ఆపి ముందుకు వంగేవాడు. గ్రిడ్‌లో, అంటే రేసుకు ముందు కార్లు నిలబడే వరుసలో, నరైన్ 12వ స్థానం నుంచి మొదలుపెట్టాడు. జోర్డాన్ ఆ ఏడాది ఎంత బలహీనమైన బండో తెలిసినవారికి ఆ 12 ఎంత పెద్ద అంకెనో తెలుస్తుంది. చివరికి విజేత కన్నా రెండు ల్యాపులు వెనకబడి 15వ స్థానంలో రేసు ముగించాడు. మర్నాడు ఆఫీసులో ఒక పెద్దమనిషి "పదిహేనోవాడికి ఇంత సంబరమా" అన్నాడు. నేను వాదించలేదు. ఎందుకంటే గూడూరులో మామయ్య చూసిన అంకె 15 కాదు. అదే జోర్డాన్ కారును నడిపిన పోర్చుగల్ డ్రైవర్ టియాగో మొంటీరో 16వ స్థానంలో ఉన్నాడు. "మనవాడు ముందుండాడు" అని ఒక్క మాట అని, మామయ్య చల్లారిపోయిన ఇడ్లీ తిన్నాడు.

ఆ ఏడాది జూన్ 19న ఇండియానాపొలిస్‌లో జరిగిన అమెరికన్ గ్రాండ్ ప్రీ గురించి ఎవరైనా చిన్నబుచ్చుతూ మాట్లాడితే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ ట్రాక్ చివరి మలుపును ఒకవైపు ఎత్తుగా, వాలుగా కట్టారు. దాని మీద పూర్తి వేగంతో పోయేటప్పుడు టైరు పక్క గోడల మీద మామూలుకన్నా ఎక్కువ భారం పడుతుంది. మిషెలిన్ కంపెనీ తెచ్చిన టైర్లు ఆ భారానికి తట్టుకోలేకపోయాయి. శుక్రవారం ప్రాక్టీసులో రాల్ఫ్ షూమాకర్ కారు ఆ మలుపులోనే గోడను గుద్దింది. చర్చలు తెగలేదు. ఆదివారం రేసుకు ముందు వేసే ల్యాపు పూర్తికాగానే మిషెలిన్ టైర్లతో ఉన్న 14 కార్లు, ట్రాక్ పక్కన టీములు కార్లను చూసుకునే పిట్‌లోకి వెళ్లిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు కార్లు మాత్రం గ్రిడ్ మీద నిలబడ్డాయి: రెండు ఫెరారీలు, రెండు జోర్డాన్‌లు, రెండు మినార్డిలు.

మాకు అప్పటికి బాగా పొద్దుపోయింది. ఊరంతా నిద్రపోతోంది. లక్షమందికి పైగా జనం ఉన్న గ్యాలరీల్లో అరుపులు, ట్రాక్ మీద పడుతున్న సీసాలు, తెరమీద దాదాపు ఖాళీగా కనిపిస్తున్న గ్రిడ్. మొదట మాకు ఏమి జరుగుతోందో అర్థం కాలేదు. రేసు ముగిసేసరికి వరుస ఇది: మైకేల్ షూమాకర్, బారికెల్లో, మొంటీరో, ఆ తరువాత నరైన్. నాలుగో స్థానం, ఐదు పాయింట్లు. ఫార్ములా వన్‌లో పాయింట్లు సాధించిన తొలి భారతీయుడు. ఆరు కార్ల రేసులో నాలుగో స్థానం ఏమి గొప్ప అన్నవారికి నాది ఒకే జవాబు. తనకు ఇచ్చిన టైర్లతో, తనకు ఇచ్చిన కారును, 73 ల్యాపులు చెక్కుచెదరకుండా నడిపి గీత దాటించడం అతని పని. ఆ పని అతను చేశాడు. సీసాలు విసిరే జనం ముందు నుంచి, అసలు ఈ రేసు జరగాలో వద్దో తెలియని అయోమయంలో మనసు చెదరకుండా నడపడం మామూలు సంగతి కాదు. అయితే ఆ రాత్రి మొంటీరో మూడో స్థానంలో, నరైన్ కన్నా ముందున్నాడు. మామయ్య ఆ సంగతిని కూడా క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాడు. ఆయన లెక్క పక్షపాతం లేనిది.

ఆ సీజన్ మొత్తం మీద చూస్తే ఆ లెక్క కొన్నిసార్లు మాకు నచ్చని సమాధానాలే ఇచ్చింది. మొంటీరో దాదాపు ప్రతి రేసునూ చివరిదాకా నడిపాడు, నరైన్‌కు అంత నిలకడ కుదరలేదు. మరోవైపు జపాన్‌లోని సుజుకాలో, గ్రిడ్ స్థానాలను తేల్చే క్వాలిఫైయింగ్‌లో వాన రాకపోకల మధ్య నరైన్ 11వ స్థానం సాధించాడు. ఆ బండి నుంచి అంతకుమించి పిండుకోవడం ఎవరివల్లా కాదు. తరువాతి వారం షాంఘైలో అతని కారు అదుపుతప్పి గోడకు కొట్టుకుని ముక్కలుగా ఎగిరిపోయింది. కారు ఆగాక అతను లోపలి నుంచి లేచేదాకా మేము ఊపిరి బిగబట్టి కూర్చున్నాము. లేచి నడిచి వచ్చాడు. ఫార్ములా వన్‌లో అదే అతని చివరి రేసు కావచ్చునని మాకు ఆనాడు తోచలేదు. మళ్లీ గ్రిడ్ మీదికి రావడానికి ఐదేళ్లకు పైగా పట్టింది.

మధ్యలో విలియమ్స్ టీముకు టెస్ట్ డ్రైవర్‌గా పనిచేశాడు. అమెరికాలో నాస్కార్ ట్రక్ సిరీస్‌లో పోటీచేసి, 2010లో అక్కడి అభిమానుల ఓట్లతో అత్యంత ఆదరణ పొందిన డ్రైవర్‌గా ఎంపికయ్యాడు. అదే ఏడాది పద్మశ్రీ వచ్చింది. అయితే ఆ ఏళ్లలో నేను మనసులో పెట్టుకున్నది 2007 డిసెంబర్ 16 ఒక్కటే. ఏ1 గ్రాండ్ ప్రీ అని దేశాల మధ్య జరిగే పోటీ ఒకటి ఉండేది. అందులో అన్ని దేశాలకూ ఒకేరకం కారు, ఒకేరకం ఇంజన్, ఒకేరకం టైర్లు. చైనాలోని జుహాయ్‌లో జరిగిన ప్రధాన రేసులో టీమ్ ఇండియా కారు నడుపుతూ నరైన్ గెలిచాడు. మరుసటి వేసవిలో బ్రాండ్స్ హ్యాచ్‌లో మళ్లీ గెలిచాడు. షోలవరంలో మామయ్య చెప్పిన సూత్రం అప్పటికి రుజువైందని నాకు అనిపించింది. బళ్లన్నీ ఒకటే అయినచోట, బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్సుల డ్రైవర్ల నడుమ మన జాతీయగీతం మోగింది. ఆ సాయంత్రం ఫోన్ చేస్తే మామయ్య చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

2011లో హిస్పానియా టీముతో నరైన్ ఫార్ములా వన్‌కు తిరిగి వచ్చాడు. ఆ టీముకు డబ్బు లేదు. మెల్‌బోర్న్‌లో జరిగిన మొదటి పోటీకి కార్లు సరిగా సిద్ధం కూడా కాలేదు. ఆ ఏడాదే 107 శాతం నిబంధనను మళ్లీ తెచ్చారు. క్వాలిఫైయింగ్ మొదటి దశలో అత్యంత వేగవంతుడు 90 సెకన్లలో ల్యాపు పూర్తిచేస్తే, మిగిలినవారు 96.3 సెకన్లలోపు పూర్తిచేయాలి, లేకుంటే రేసుకు అనుమతి లేదు. మెల్‌బోర్న్‌లో హిస్పానియా కార్లు రెండూ ఆ గీత దాటలేకపోయాయి. ఆ తరువాత నుంచి క్వాలిఫైయింగ్ జరిగే ప్రతి శనివారమూ మాకు పరీక్షా ఫలితాల రోజులా గడిచేది. జూలైలో అతని సీటును ఆస్ట్రేలియా కుర్రాడు డేనియల్ రికార్డోకు ఇచ్చారు. అయితే అక్టోబర్‌లో మన దేశంలో తొలిసారి జరగబోయే గ్రాండ్ ప్రీకి నరైన్ మళ్లీ వస్తున్నాడని తెలియగానే, మామయ్యకూ నాకూ అందుబాటులో ఉన్నవాటిలో అన్నిటికన్నా చవక టికెట్లు రెండు కొన్నాను.

దీపావళి వెళ్లిన మర్నాడు గూడూరులో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. అత్తయ్య కట్టిచ్చిన పులిహోర, నిమ్మకాయ ఊరగాయ, మామయ్య చేతిసంచిలో గుడ్డలో చుట్టిన స్టాప్‌వాచ్. 2011 అక్టోబర్ 30 మధ్యాహ్నం గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో, ఐదు కిలోమీటర్ల పైచిలుకు పొడవైన ఆ కొత్త ట్రాక్ ముందు కూర్చున్నాము. అంతకు కొద్దిరోజుల ముందే అమెరికాలో డాన్ వెల్డన్, మలేసియాలో మార్కో సిమాన్‌చెలి రేసుల్లో ప్రాణాలు కోల్పోయారు. రేసుకు ముందు వారి కోసం నిమిషంపాటు మౌనం పాటించారు. దాదాపు లక్షమంది ఒక్కసారిగా మాట్లాడడం మానేస్తే ఎలా ఉంటుందో నేను ఆ రోజే విన్నాను. ఆ నిమిషం తరువాత 24 ఇంజన్లు ఒక్కసారి గొంతెత్తాయి. మామయ్య కళ్లు మూసుకున్నాడు. షోలవరంలో నా కడుపులో వినిపించిన చప్పుడు, దానికి పదింతలై, ముసలితనంలో అడుగుపెడుతున్న ఆయన ముఖం మీద కనిపించింది.

అరవై ల్యాపుల రేసు. ఆ ఏటి ప్రపంచ చాంపియన్ వెట్టెల్ ముందు ఎంత దూరం పోయాడో, ఎవరు ఎవరిని దాటారో మేము సరిగా చూడలేదు. మా కళ్లు వెనక పోతున్న రెండు హిస్పానియాల మీదే ఉన్నాయి. ఒకదానిలో నరైన్, రెండోదానిలో అతని సీటు తీసుకున్న రికార్డో. మామయ్య ప్రతి ల్యాపుకూ ఆ రెంటి మధ్య గడియారం నొక్కుతున్నాడు, నేను టికెట్ కవరు వెనక అంకెలు రాస్తున్నాను. మా పక్కన కూర్చున్న ఢిల్లీ కుర్రాళ్లు మొదట వింతగా చూశారు, తరువాత విషయం అడిగి తెలుసుకున్నారు, చివరి పది ల్యాపులూ వాళ్లు కూడా ఆ రెండు బళ్లనే చూశారు. నరైన్ 17వ స్థానంలో, రికార్డో 18వ స్థానంలో రేసు ముగించారు. నాలుగు నెలలుగా ఫార్ములా వన్ కారులో ఒక్క రేసు కూడా నడపని 34 ఏళ్ల మనిషి, తరువాతి ఏళ్లలో గ్రాండ్ ప్రీలు గెలవబోయే 22 ఏళ్ల కుర్రాడిని, అదే టీము బండిలో, తన జనం ముందు వెనక్కి నెట్టాడు. మర్నాటి పేపర్లలో ఇది ఒక వాక్యం. నా వరకు అతని ఫార్ములా వన్ జీవితమంతా ఆ ఒక్క మధ్యాహ్నంలోనే ఉంది.

2012లో మలేసియాలో జరిగింది కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి నరైన్ పేరు చెప్పగానే అదే గుర్తొస్తుంది. వాన మొదలైనప్పుడు ఎక్కువమంది మధ్యరకం టైర్లతో ఉంటే, హిస్పానియా టీము ముందే పూర్తి వాన టైర్లు వేసింది. వాన ముదిరి రేసు ఆపేసరికి నరైన్ పదో స్థానంలో ఉన్నాడు. ఆ కారుతో పదో స్థానం! రేసు మళ్లీ మొదలయ్యాక బ్రిటిష్ డ్రైవర్ బట్టన్ అతన్ని తాకాడు, ఆ తప్పు తనదేనని బట్టన్ ఒప్పుకున్నాడు. చివర్లో, ఒక ల్యాపు ముందున్న వెట్టెల్ దాటిపోతుండగా ఇద్దరి బళ్లూ తగిలి వెట్టెల్ టైరు పోయింది. వెట్టెల్ కటువుగా మాట్లాడాడు, అధికారులు నరైన్‌కే శిక్ష వేశారు. తడి ట్రాక్ మీద పొడిగా ఉన్న సన్నని దారి వదిలి ఎంతదాకా పక్కకు జరగాలన్నది వెనకబడ్డ డ్రైవర్‌కు ప్రతి మలుపులోనూ ఎదురయ్యే చిక్కు. పక్కకు జరిగితే తాను జారిపోతాడు, జరగకపోతే ముందువాడికి అడ్డం. ప్రపంచ చాంపియన్‌కు జరిగిన నష్టమే లోకానికి కనిపించింది, పదో స్థానం ఎవరికీ గుర్తులేదు. ఆ ఏడాది సహ డ్రైవర్ పెద్రో డె లా రోసా నరైన్ కన్నా ఎక్కువసార్లు ముందున్నాడన్నది కూడా నిజమే, అది మామయ్య కాగితాల్లో ఉంది. సీజన్ ముగియగానే ఆ టీము మూతపడింది. దాంతో నరైన్ ఫార్ములా వన్ ప్రయాణం కూడా ముగిసింది.

అక్కడితో చాలామంది అతన్ని మరిచిపోయారు. అతను మాత్రం మానలేదు. 2014 నుంచి ఐదేళ్లు జపాన్‌లో సూపర్ ఫార్ములా నడిపాడు. ఫార్ములా వన్ తరువాత అంత వేగమైన ఒంటిసీటు కార్లు ఉండే పోటీ అది. నలభై దాటాక 2019లో, ఒకప్పటి జపాన్ ఫార్ములా వన్ డ్రైవర్ సతోరు నకాజిమా నడిపే టీములో చేరి, పైకప్పు ఉండే హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ కారుతో సూపర్ జీటీ పోటీల్లోకి మారాడు. పాతికేళ్లుగా ఒంటిసీటు కార్లకు అలవాటుపడ్డ చేతులకు, కాళ్లకు అది కొత్త చదువు. తరువాత 2021లో ఆసియన్ లీ మాన్ సిరీస్‌లో భారత టీముతో పోటీచేశాడు. కోయంబత్తూరులో వాడిన ద్విచక్రవాహనాల వ్యాపారం కూడా పెట్టాడు.

2019 నవంబర్ 23, 24 తేదీల్లో ఫుజి పర్వతం కింద ఉన్న సర్క్యూట్‌లో, జపాన్ సూపర్ జీటీ కార్లకూ, డీటీఎం అనే జర్మనీ పోటీల కార్లకూ కలిపి ఒక ప్రత్యేక పోటీ పెట్టారు. రెండోరోజు రేసును నరైన్ గెలిచాడు. అప్పటికి అతనికి 42 ఏళ్లు. గ్రిడ్ మీద ఉన్నవాళ్లలో కొందరు అతను ఫార్ములా మారుతి నడిపే నాటికి పుట్టనైనా లేదు. మామయ్యకు అప్పటికి చూపు బాగా మందగించి టీవీ చూడడం మానేశాడు. నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, నరైన్ గెలిచాడని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎప్పటిలాగే రెండో డ్రైవర్ సంగతి అడుగుతాడనుకుని, ఫలితాల కాగితం ముందు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన అది అడగలేదు.

"ఈసారి బండి మంచిదేనా, అబ్బయ్యా?" అన్నాడు.

"మంచిదే, మామయ్యా."

"అదీ" అన్నాడు.

మరుసటి సంక్రాంతికి గూడూరు వెళ్లినప్పుడు స్టాప్‌వాచ్‌నూ, క్యాలెండర్ కాగితాల కట్టనూ ఆయనే నా చేతిలో పెట్టాడు. అన్నిటికన్నా పైన ఉన్న కాగితం మీద, అత్తయ్య చేత రాయించినట్టున్నాడు, ఆమె గుండ్రని అక్షరాల్లో రెండే మాటలు ఉన్నాయి: ఫుజి, ఒకటి.